చివర ముట్టుకున్నవాడిదే పేరు

అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానులకు ఒక ముచ్చటైన అలవాటుంది. గొప్ప ఘట్టాలకు పేర్లు పెట్టి పిలుచుకుంటారు. 1982 జనవరి 10న శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ పార్కులో జో మోంటానా విసిరిన బంతిని డ్వైట్ క్లార్క్ గాల్లోకి లేచి వేళ్ల కొసలతో అందుకున్నాడు. దాని పేరు ‘ది క్యాచ్’. అంటే అంతకుముందు పట్టినవీ ఆ తర్వాత పట్టబోయేవీ ఉత్తుత్తివే అన్నట్టు! స్కోరు శాన్‌ఫ్రాన్సిస్కో వైపు 28–27, ఆటకు మిగిలింది 51 సెకన్లు. చెప్పేవాళ్లు సాధారణంగా కథను ఇక్కడితో ఆపేస్తారు. ఆట మాత్రం అక్కడ ఆగలేదు. అవతలి జట్టు డాలస్ కౌబాయ్స్‌కి బంతిని కాలితో తన్ని కొట్టే ఒక్క ఫీల్డ్ గోల్ చాలు. వెంటనే వేసిన పాసును డ్రూ పియర్సన్ అందుకుని ఖాళీ మైదానంలోకి జారుకోబోతుంటే ఎరిక్ రైట్ వెనక నుంచి ఒంటి చేత్తో జెర్సీ పట్టుకుని కింద పడేశాడు. ఈ రోజుల్లో అలా మెడ దగ్గర పట్టి లాగితే పెనాల్టీ. మరుసటి ప్రయత్నంలో లారెన్స్ పిల్లర్స్ మీద పడేసరికి డాలస్ క్వార్టర్‌బ్యాక్ డానీ వైట్ చేతిలో బంతి జారిపోయింది. దాని మీద జిమ్ స్టకీ బోర్లా పడ్డాడు. అప్పుడు గెలిచింది శాన్‌ఫ్రాన్సిస్కో. రైట్ పట్టు తప్పి ఉంటే క్లార్క్ క్యాచ్ ఓడిపోయిన మ్యాచ్‌లో ఒక మంచి బొమ్మగా మిగిలేది. ఆ పట్టుకు మాత్రం అందరి నోళ్లలో నానే పేరేదీ రాలేదు.

నా ఫిర్యాదు ఇదే. ఈ పేర్లు కథకు అందం, ఆటకు అన్యాయం. పదకొండు మంది చేసిన పని అంతా చివరకు బంతి ముట్టుకున్నవాడి ఖాతాలో జమైపోతుంది. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అలా. పైగా తక్కిన ఆటల కంటే ఈ ఆటలో అన్యాయం పాలు ఎక్కువ, ఎందుకంటే ఇందులో కొందరిని బంతికి దూరంగా ఉంచేది నిబంధనలే. ఆట తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు వస్తాయి, వెళ్లలేకపోతే బంతి అవతలివాళ్లకు పోతుంది. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ముందు ఐదుగురు భారీకాయులు, అంటే లైన్‌మన్లు, గోడలా నిలబడతారు. నడుమ సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డులు, చివర్లలో టాకిల్స్. మీదికి దూసుకొచ్చేవాళ్లను ఆ మూడు నాలుగు సెకన్లు ఆపడమే వీళ్ల వృత్తి. ముందుకు విసిరిన పాసును పట్టుకునే అర్హత మామూలుగా వీళ్లకు లేదు. సెంటర్ ప్రతిసారీ కాళ్ల మధ్య నుంచి బంతిని వెనక్కి అందిస్తాడు. అందరికన్నా ముందు ముట్టుకునేది అతనే, ఆ ముట్టుకోవడాన్ని లెక్కేసేవాడు లేడు. పరిగెత్తినవాడికి గజాలు రాస్తారు, పట్టుకున్నవాడికి క్యాచ్‌లు రాస్తారు. లైన్‌మన్ నంబరు రిఫరీ మైకులో వినిపించిందంటే ఏదో తప్పు చేశాడనే అర్థం.

1967 డిసెంబరు 31 నాటి మ్యాచ్‌ని దగ్గరగా చూస్తే ఈ సంగతి బోధపడుతుంది. విస్కాన్సిన్‌లోని గ్రీన్ బేలో ఆ రోజు చలి సున్నాకు 25 డిగ్రీల సెల్సియస్ కింద. మైదానం గడ్డకట్టకుండా మట్టి కింద వేసిన విద్యుత్ తీగలు చేతులెత్తేశాయి. రిఫరీల ఈలలు బిగుసుకుపోయి నోటితో అరవాల్సి వచ్చింది. ‘ఐస్ బౌల్’ అన్న పేరు అలా వచ్చిందే. ఆఖరి 16 సెకన్లు. ప్యాకర్స్ మూడు పాయింట్లు వెనకబడి ఉన్నారు, గోల్ గీతకు గజం దూరం కూడా లేదు. అంతకుముందు రెండుసార్లు బంతి తీసుకుని పరిగెత్తబోయిన డోనీ ఆండర్సన్‌కి మంచు మీద కాలు ఆనలేదు. క్వార్టర్‌బ్యాక్ బార్ట్ స్టార్ చివరి టైమౌట్ తీసుకుని కోచ్ విన్స్ లొంబార్డి దగ్గరికి వెళ్లి, ఈసారి బంతి ఎవరికీ ఇవ్వకుండా తానే దూరతానన్నాడు. జట్టుకు చెప్పింది మాత్రం మామూలు ఎత్తే. బంతి తనకే వస్తుందనుకుని చక్ మెర్సీన్ వెనక నుంచి పరిగెత్తుకొచ్చాడు. స్టార్ దూరిన సందు గార్డ్ జెర్రీ క్రేమర్ చేసి పెట్టింది. ఎదురుగా నిలబడ్డ డాలస్ లైన్‌మన్ జెత్రో ప్యూ బంతి కదలగానే నిటారుగా లేస్తాడని ఆ వారం ఫిల్ములు చూస్తూ గమనించినవాడు క్రేమర్. నిటారుగా లేచినవాడి ఛాతీ కిందికి దూరి పైకి ఎగదోస్తే వెనక్కి పోవాల్సిందే. అలాగే పోయాడు. 21–17.

కొందరు ఇక్కడ అడ్డుపడతారు. గోడ ఎంత గట్టిదైనా మనిషిలో ప్రతిభ లేకపోతే ఏం లాభమని. నిజమే, డెట్రాయిట్ లయన్స్ తరఫున బ్యారీ సాండర్స్ పరుగు చూసినవాడెవడూ ప్రతిభను కాదనలేడు. ముగ్గురు చుట్టుముట్టినా నీళ్లలో చేపలా జారిపోయేవాడు. పది సీజన్లలో 15,269 గజాలు, 1997లో ఒక్క సీజన్‌లోనే 2,053. అయితే ఆ పదేళ్లలో లయన్స్ ప్లేఆఫ్స్‌లో గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్. అదే కాలంలో డాలస్ కౌబాయ్స్‌లో ఎమిట్ స్మిత్ తన తరం అందరిలోకీ బలమైన గోడల్లో ఒకదాని వెనక పరిగెత్తి మూడు సూపర్ బౌల్ ఉంగరాలు తొడుక్కున్నాడు. స్మిత్ గొప్పను తగ్గించాలనుకున్నవాళ్లు ‘ఆ లైన్ వెనక ఎవరైనా పరిగెత్తేవారే’ అంటారు. గమనించండి, లైన్‌మన్లు గుర్తుకొచ్చేది ఇంకొకరి కీర్తిలో కోత పెట్టాల్సి వచ్చినప్పుడే! డబ్బు లెక్క చూసేవాళ్లు ఇంత మతిమరుపుగా లేరు. 1993లో ఆటగాళ్లకు నచ్చిన జట్టుకు వెళ్లే స్వేచ్ఛ వచ్చాక, కుడిచేతి క్వార్టర్‌బ్యాక్ కంటికి ఆనని వైపును కాపాడే లెఫ్ట్ టాకిల్ లీగ్‌లో బాగా జీతం అందుకునేవాళ్లలో ఒకడయ్యాడు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం అదృష్టం గురించి. 1972 డిసెంబరు 23న పిట్స్‌బర్గ్‌లో జరిగిన ‘ఇమ్మాక్యులేట్ రిసెప్షన్’లో ఎవరి కష్టం ఉందంటారు? నాలుగో ప్రయత్నం, 22 సెకన్లు. టెర్రీ బ్రాడ్‌షా విసిరిన బంతి ఫ్రెంచీ ఫుక్వా, జాక్ టేటమ్ ఢీకొన్న చోట ఎగిరి వెనక్కి వచ్చింది. నేలకు అంగుళాల ఎత్తులో ఫ్రాంకో హారిస్ దాన్ని ఏరుకుని గీత దాటేశాడు. నలభై ఏళ్ల చరిత్రలో పిట్స్‌బర్గ్ జట్టు స్టీలర్స్‌కు అదే తొలి ప్లేఆఫ్ విజయం. బంతి ఎగరడం శుద్ధ అదృష్టమే, ఒప్పుకుంటాను. కోడిగుడ్డును సాగదీసినట్టున్న ఆ బంతి ఎటు దూకుతుందో చెప్పగలవాడు లేడు. మరి హారిస్ అక్కడెందుకున్నాడు? ఆ ఎత్తులో అతని పని వెనక ఉండి క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడటం. బంతి గాల్లోకి లేచాక దాని వైపే పరిగెత్తమని పెన్ స్టేట్ కాలేజీలో నేర్పారని, అందుకే వెళ్లానని తర్వాత చెప్పేవాడు. అతనికి అడ్డొచ్చేవాడిని పక్కకు తోసిన జాన్ మెక్‌మాకిన్ మరొకడు. అది న్యాయమైన తోపు కాదని అవతలి జట్టువాళ్లు ఇప్పటికీ గొణుగుతారు. పిట్స్‌బర్గ్ విమానాశ్రయంలో ఉన్నది హారిస్ బొమ్మ.

2015 సూపర్ బౌల్‌దీ ఇదే వరస. గీతకు గజం దూరంలో సియాటిల్ పాస్ వేసింది, డ్రాఫ్టులో ఏ జట్టుకూ పట్టని మాల్కమ్ బట్లర్ అవతలి జట్టు తరఫున దాన్ని మధ్యలో కొట్టేశాడు. మార్షాన్ లించ్‌ లాంటి పరుగులవాడు చేతిలో ఉండగా పాస్ ఏమిటని కోచ్ పీట్ క్యారల్‌ను జనం నేటికీ తిడతారు. ఆ వారం ప్రాక్టీసులో అదే ఎత్తుకు బట్లర్ దొరికిపోయి మాట పడ్డాడు. మ్యాచ్‌లో అతనికి అడ్డు తగలాల్సిన జర్మేన్ కియర్స్‌ను బట్లర్ సహచరుడు బ్రాండన్ బ్రౌనర్ మొదటి అడుగులోనే పట్టి ఆపేశాడు. బ్రౌనర్ ఆపకపోతే బట్లర్‌కి దారే లేదు.

‘ఇరవై రెండు మందినీ ఎవరు గుర్తుపెట్టుకుంటారయ్యా, కథకు ఒక కథానాయకుడు కావాలి కదా’ అన్నది చివరి వాదన. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. టీవీ రీప్లే వచ్చాక న్యాయం జరుగుతుందని అనుకోవచ్చు, కొంత జరిగింది కూడా. ఐస్ బౌల్‌లో క్రేమర్ తోపును ఆ రోజు తెర మీద మళ్లీ చూపించబట్టే అతని పేరు దేశానికి తెలిసింది. మరుసటి ఏడాది అతని పుస్తకం వచ్చింది. అయినా హాల్ ఆఫ్ ఫేమ్ తలుపు తెరుచుకునేసరికి 2018 అయింది. తీరా చూస్తే ప్యూ మీద పడింది క్రేమర్ ఒక్కడే కాదు. పక్కనే సెంటర్ కెన్ బౌమన్ కూడా భుజం ఆనించి నెట్టాడు. తెర మీది కీర్తి గార్డ్‌కు వెళ్లింది, సెంటర్ మళ్లీ మిగిలిపోయాడు. ఆ మ్యాచ్ ఫొటో ఒకటి ఇప్పటికీ గోడలకు వేలాడుతుంటుంది. స్టార్ కింద పడి ఉంటాడు, పైన మెర్సీన్ రెండు చేతులూ ఆకాశానికి ఎత్తి ఉంటాడు. టచ్‌డౌన్ వచ్చిందన్న సంబరమని చూసినవాళ్లంతా అనుకుంటారు. బంతి తనది కాదని ఆఖరి క్షణంలో తెలుసుకున్న మెర్సీన్, ముందున్న స్టార్‌ను వెనక నుంచి తోస్తే పెనాల్టీ పడుతుందని భయపడి, ‘నేను ముట్టుకోలేదు’ అని రిఫరీకి చూపించడానికి ఎత్తిన చేతులవి.