ఏ జవాబిచ్చినా అదే చెట్టు

వైకుంఠపాళిలో ఆడేవారు ఎంచుకునేది ఏమీ ఉండదు. పాచిక ఎంత పడితే అన్ని గళ్లు జరగాలి, ఆపైన పామో నిచ్చెనో. బెంగాలులో దానికి చుట్టమైన ఆట గోలోక్‌ధామ్. గవ్వలు వేసుకుంటూ, పుణ్యపాపాల గళ్లు దాటుకుంటూ కృష్ణుడి గోలోకం చేరాలి. అక్కడా గవ్వ చెప్పిందే వేదం. కంప్యూటర్ ఆటలు వచ్చాక పాచిక ఉండే చోట ఒక ప్రశ్న వచ్చి కూర్చుంది: ఇప్పుడు నువ్వేం చేస్తావు? బ్రౌజర్‌లో ఆడే మాయలోకపు కథల ఆటలు ఈ ప్రశ్న మీదే నడుస్తాయి. 2009లో మొదలైన ఫాలెన్ లండన్ వీటిలో బాగా పేరున్నది.

ఇలాంటి ఆటల్లో కొన్నిటికి బొమ్మలు చదరపు చుక్కలతో వేస్తారు. దాన్నే పిక్సెల్ ఆర్ట్ అంటారు. పదహారు చుక్కల వెడల్పు, పదహారు చుక్కల ఎత్తులో ఒక మనిషి నిలబడాలి. కన్నంటే ఒక్క చుక్క. ఆ చుక్కను ఒక గడి కిందికి దింపితే మనిషి తల వంచుకున్నట్టు కనిపిస్తాడు. పోచంపల్లిలో గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపి, చీరలోకి చిలకను దింపే పని దీనికి దగ్గరిది. రెండింటికీ ఓపికే పెట్టుబడి.

బొమ్మల కంటే కష్టమైనది కథ. మలుపుకు రెండే దారులు పెట్టినా, పది మలుపులు తిరిగేసరికి 1,024 కథలవుతాయి. అన్నీ రాయడం ఎవరి వల్లా కాదు. అందుకే చీలిన దారుల్ని కొంతదూరం పోనిచ్చి మళ్లీ కలిపేస్తారు. మొదటిసారి ఆడినప్పుడు ఇది తెలియదు. రెండోసారి కావాలనే వేరే జవాబిచ్చి చూసినవారికి తెలిసిపోతుంది. రాక్షసుణ్ణి చంపినా, వదిలేసినా అదే కోటగుమ్మం! ఆడినవారు ఎక్కువగా నొచ్చుకునేది ఇక్కడే, అందులో న్యాయముంది. అయితే దీనికి మందు ఇంకో వంద దారులు వేయడం కాదు. చేసిన పనిని ఆట గుర్తుపెట్టుకుంటే చాలు. వదిలేసిన రాక్షసుడు నాలుగు ఘట్టాల తర్వాత ఏటి ఒడ్డున ఎదురై, పడవ తోసి సాయం చేస్తే, చేరే గుమ్మం అదే అయినా ఆడినవారికి తృప్తి మిగులుతుంది. ప్రోగ్రాములో దీనికి కావలసింది అవును, కాదు అనే ఒక్క గుర్తు, కథలో నాలుగు వాక్యాలు.

దారులు మూసుకుపోవడమే కథగా ఉన్న ఆట ఒకటి కోల్‌కతా నుంచి వచ్చింది. ఛాయాచిత్రకారిణి లీనా కేజ్రీవాల్ అమ్మాయిల అక్రమ రవాణా మీద మిస్సింగ్ అనే కళా ప్రాజెక్టు చేపట్టారు. అమ్మాయిల నల్లటి ఆకారాలను ఆరుబయట నిలబెట్టారు. దూరం నుంచి చూస్తే ఆకాశం ఆ మేరకు కత్తిరించినట్టు ఉంటుంది. ఆ పనికి కొనసాగింపుగా, ఫ్లయింగ్ రోబోట్ స్టూడియోస్‌కు చెందిన సత్యజిత్ చక్రవర్తితో కలిసి తెచ్చిన ఆట 'మిస్సింగ్: గేమ్ ఫర్ ఎ కాజ్'. 2016లో విడుదలైంది. ఇందులో మాయలూ లేవు, మంత్రాలూ లేవు. ఆడేవారే తప్పిపోయిన అమ్మాయి. కళ్లు తెరిచేసరికి వేశ్యాగృహంలో ఉంటుంది. ఎవరితో ఏం మాట్లాడాలి, ఎదురు తిరగాలా, లొంగినట్టే ఉండి అదను కోసం చూడాలా అన్నవే ఆమె ముందున్న మలుపులు. మాయలోకపు ఆటలో దారులు మూసుకుపోతే రాసినవారి లోపం. ఇక్కడ అవి తెరిచి ఉంటే అబద్ధమయ్యేది. ఊపిరాడని ఆ ఇరుకును ఆడేవారి చేతికే ఇవ్వడం సినిమాకు, వార్తాకథనానికి సాధ్యం కాని పని.

తెలుగులో ఇలాంటి ఆటలు రాయాలనుకునే యువతకు నమూనా ఇంట్లోనే ఉంది. భేతాళ కథల్లో ప్రతి ప్రశ్నా ఒక ఎంపికే. రాజు విక్రమార్కుడు ఏ జవాబిచ్చినా, భేతాళుడున్న శవం తిరిగి అదే చెట్టెక్కుతుంది. అయినా వినేవారెవరూ నొచ్చుకోలేదు. ఆ జవాబులో రాజు ధర్మబుద్ధి బయటపడుతుంది, భేతాళుడు దాన్ని విని లెక్కలో వేసుకుంటాడు. చిట్టచివరి ప్రశ్నకు విక్రమార్కుడి దగ్గర జవాబు లేదు. ఆ ఒక్కసారే శవం చెట్టు మీదికి తిరిగి పోలేదు.