పాత వీణ, లక్క పూత, మరకలు

కృష్ణా డెల్టా ఎగువ అంచున ఉన్న నూజివీడు వీణల తయారీకి పేరుపొందిన ఊరు; 2022లో జిల్లాల పునర్విభజనతో ఏలూరు జిల్లాలో చేరినా, విజయవాడ సంగీత విద్యార్థులకు అది ఇప్పటికీ పొరుగూరే. పనస కర్రతో చెక్కిన వీణ సరిగా చూసుకుంటే తరాల తరబడి నిలుస్తుంది కనుక చేతులు మారుతూ ఉంటుంది, అలా చేతికి వచ్చిన పాత వీణ మీద కనిపించే మరకలలో ఏది తుడవాలి, ఏది వదిలేయాలి అన్నది పూత స్వభావం తెలిస్తే తప్ప తేలదు.

పాత వీణల మీద సాధారణంగా ఉండేది లక్క పాలిష్. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలను ఆశ్రయించే లక్క పురుగు స్రవించిన పదార్థాన్ని శుద్ధిచేసి పలుచని రేకులుగా మారుస్తారు. ఆ రేకులను స్పిరిట్‌లో కరిగించి, నూలుగుడ్డలో చుట్టిన దూదితో పొర మీద పొరగా కర్రకు రుద్దుతారు. ఏటికొప్పాక బొమ్మల మెరుపూ లక్కదే, అయితే అక్కడ లేత్ మీద తిరిగే కర్రకు రాపిడి వేడితోనే దానిని పట్టిస్తారు. స్పెయిన్ సంప్రదాయపు మేలురకం గిటార్లకూ స్పిరిట్‌లో కరిగించిన లక్కే పూత. ఆరిన తరువాత కూడా లక్క స్పిరిట్‌కు మళ్లీ కరుగుతుంది, కాబట్టి కొత్త పొర పాతదానిలో కలిసిపోయి అతుకు కనిపించదు; గట్టిపడ్డాక స్పిరిట్‌కు లొంగని పాలీయురెథేన్‌కు ఈ సౌలభ్యం లేదు. కుండ అడుగున, అంటే నాదం పలికే బోలు భాగం కింద, కనిపించని చోట ఒక చుక్క స్పిరిట్ అద్ది చూస్తే పూత జిగటగా మారడాన్ని బట్టి అది లక్క అని తెలుస్తుంది.

వానాకాలపు తేమకు, తడి గుడ్డకు లక్క మీద తెల్లని మసక కమ్ముతుంది. ఇది పూతలో చిక్కిన తేమ మాత్రమే కనుక, గాలి ఆడే గదిలో కొన్నాళ్లు ఆరనిస్తే చాలాసార్లు దానంతటదే పోతుంది; పోనప్పుడు పనితెలిసినవారు స్పిరిట్ లీలగా తగిలించిన దూదిచుట్టను ఎక్కడా ఆపకుండా ఒక్క ఊపున నడిపిస్తారు, ఆపితే అక్కడే పూత లేచివస్తుంది.

దండి మీద, మెట్ల పక్కన పేరుకునే నల్లని జిడ్డు వేరు. తీగల మీద ఎడమచేతి వేళ్లు సులువుగా జారడానికి వైణికులు రాసుకునే కొబ్బరినూనె, చెమట, లోహపు అరుగుడు కలిసి అది ఏర్పడుతుంది. పొడి నూలుగుడ్డతో ఓపికగా తుడవడమే దీనికి మార్గం. కిరోసిన్ జిడ్డును కరిగిస్తుంది గానీ, ఇరవై నాలుగు మెట్లను నిలబెట్టే మైనాన్ని కూడా మెత్తబరుస్తుంది.

తెలుగు ఇళ్ల వీణలకు ప్రత్యేకమైనది పసుపు, కుంకుమల మరక. ఇంద్రకీలాద్రిపై దుర్గమ్మను సరస్వతిగా అలంకరించే మూలా నక్షత్రం నాడు ఇళ్లలో వీణకూ పూజ జరుగుతుంది, తడి పసుపుతో పెట్టిన బొట్లు పూత పగుళ్లలోకి దిగుతాయి. పసుపు రంగు కూడా స్పిరిట్‌లోనే కరుగుతుంది కనుక స్పిరిట్‌తో తుడిస్తే మరక మరింత పాకుతుంది. సబ్బు తగిలితే ఎర్రబారుతుంది. వెలుతురుకు మాత్రం పసుపు క్రమంగా వెలిసిపోతుంది. అయితే వీణను ఎండలో పెట్టడం తగదు, ఎందుకంటే తేనెమైనం దాదాపు 62 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది, బెజవాడ వేసవిలో అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపలి వేడి ఆ స్థాయికి చేరడం వింతేమీ కాదు. కిటికీ పక్క నీడలో దొరికే వెలుగు చాలు.

మరకలా కనిపించినా మరక కానిది కూడా ఒకటుంది. పనస కర్ర కోసినప్పుడు పసుపుపచ్చగా ఉండి, వెలుగు తగిలేకొద్దీ ఎరుపు కలిసిన గోధుమరంగుకు తిరుగుతుంది, అందువల్ల అంటించిన కాగితం ఊడిన చోట లేతరంగు మచ్చ మిగులుతుంది. దానిని గీకడం వృథా, కాలక్రమంలో చుట్టూ ఉన్న రంగుకు అదే చేరువవుతుంది. వాదకుని చేయి ఆనుకునే చోట అరిగిన పూతను కూడా, కర్ర బయటపడనంతవరకు, వదిలేయడమే ఉచితం.

నిజానికి పాత వీణలను పాడుచేసేది మరకల కంటే వాటిని పోగొట్టాలన్న ఆత్రమే. గరుకు కాగితంతో రుద్దితే తయారీదారు నాదం కోసం చూసి ఉంచిన కర్ర మందం తగ్గుతుంది, నల్లరంగు నింపిన అలంకారపు గీతలు చెరిగిపోతాయి. అందువల్ల పెద్ద మరమ్మతును ఫర్నిచర్ పాలిష్ చేసేవారికి కాక వీణలు చేసేవారికే అప్పగించడం మేలు. మెట్ల కింది మైనాన్ని కొన్నేళ్లకోసారి ఎలాగూ తిరిగి వేయించాలి కనుక, పూతను కూడా అప్పుడే చూపించుకోవచ్చు.