అందరి సొత్తు, అందరి కాపలా

కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ జాతరకు వచ్చినవాళ్లు గుడి ఫొటో తీసి, కింద ఊరి పేరు తెలుగులో రాసి చుట్టాలకు పంపుతారు. ఆ ఫోన్లలో ఎక్కువ భాగం ఆండ్రాయిడ్‌వి. ఆండ్రాయిడ్‌కు అడుగున ఉండి యంత్రాన్ని నడిపించే మూలభాగం లినక్స్ కెర్నల్. ఊరి పేరును తెరమీద అక్షరాలుగా పేర్చేది హార్ఫ్‌బజ్ అనే ప్రోగ్రాం. ఈ రెండింటి సోర్స్ కోడ్‌ను అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠాన్ని, ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, మార్చినదాన్ని ఇంకొకరికి ఇవ్వొచ్చు. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చిన ట్యాబుల్లోనూ ఇదే కెర్నల్. కైకలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా చేపల ధరలు, ధాన్యం లెక్కలు, బడి పాఠాలు ఈ ఫోన్లలోనే చూసుకుంటున్నాం. అయినా ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసే పద్ధతి గురించి మన భాషలో మాట్లాడుకున్నది తక్కువ. ఆ పద్ధతి పుట్టి నలభై ఏళ్లు దాటింది. దానికి తనదైన పనితనం ఉంది, కట్టుబాట్లు ఉన్నాయి, పెద్దలు పిన్నలకు పని నేర్పే వరస ఉంది. అందులో తెలుగువాళ్ల చెమటా ఉంది.

గట్టు లేవకముందే రాసుకున్న కట్టుబాటు

1970ల్లో అమెరికాలోని ఎంఐటీ ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ ల్యాబ్‌లో ఒకరు రాసిన ప్రోగ్రాం పక్కవాళ్లు తీసుకోవడం, బాగుచేసి తిరిగి ఇవ్వడం మామూలు విషయం. 1980ల మొదట్లో ఆ అలవాటు తెగిపోయింది. కంపెనీలు సోర్స్ కోడ్ దాచుకుని, నడిచే ప్రోగ్రాం మాత్రమే అమ్మసాగాయి. అక్కడ పనిచేస్తున్న రిచర్డ్ స్టాల్‌మన్, తోటివారితో పంచుకోనని రాసిచ్చే ఒప్పందాల మీద సంతకం పెట్టకూడదని నిశ్చయించుకున్నారు. 1983 సెప్టెంబరు 27న, అందరూ వాడుకోగల పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి రాస్తానని ప్రకటించారు. దాని పేరు గ్నూ. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఏర్పడింది. ఈ ఉద్యమం కోరేది నాలుగు హక్కులు: ప్రోగ్రాంను ఏ పనికైనా వాడుకోవడం, లోపల ఎలా నడుస్తుందో చదివి మార్చుకోవడం, ప్రతులు పంచడం, మార్చిన ప్రతులను కూడా పంచడం.

హక్కులు ప్రకటిస్తే చాలదని స్టాల్‌మన్‌కు తెలుసు. అందుకే 1989లో జీపీఎల్ అనే లైసెన్సు వచ్చింది. దాని షరతు సూటిగా ఉంటుంది. ఈ కోడ్‌ను మార్చి ఇతరులకు ఇచ్చేవాళ్లు సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి. తాము పొందిన హక్కులన్నీ తీసుకునేవాళ్లకూ దక్కాలి. ఉమ్మడి కోడ్ తీసుకుని, నాలుగు మార్పులు చేసి, తాళం వేసి అమ్ముకోవడం కుదరదు.

ఈ షరతు ఎందుకో కొల్లేరు సరస్సు దగ్గరివాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చి పోసే నీళ్లు, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోయే నీళ్లు ఏ ఒక్కరివీ కావు. లంక గ్రామాల వాళ్లు ఆ నీళ్లలో వేటాడి బతికారు. తర్వాత గట్లు లేచాయి. సరస్సు చేపల చెరువులుగా ముక్కలైంది. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. అయినా గట్లు అలాగే ఉండటంతో 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో, ఆపరేషన్ కొల్లేరు పేరిట, వాటిని కొట్టేయాల్సి వచ్చింది. ఉమ్మడి సొత్తుకు కాపలా ఆలస్యంగా వస్తే దిద్దుబాటు కూడా గాయంలాగే ఉంటుంది. జీపీఎల్ రాసినవాళ్లు గట్టు లేవకముందే కట్టుబాటు రాసుకున్నారు.

1991 ఆగస్టు 25న హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న 21 ఏళ్ల లినస్ టోర్వాల్డ్స్, సరదాకి ఒక కెర్నల్ రాస్తున్నానని తోటి ప్రోగ్రామర్లకు కబురు పెట్టాడు. 1992లో దాన్ని జీపీఎల్ కిందికి తెచ్చాడు. గ్నూకు అప్పటికి దాదాపు అన్నీ అమరాయి, పనికొచ్చే కెర్నల్ ఒక్కటే తక్కువ. రెండూ కలిసి గ్నూ/లినక్స్ అయ్యాయి. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి.

ప్యాచ్ నుంచి విడుదల దాకా

ఎక్కడెక్కడో ఉన్న, ఒకరి ముఖం ఒకరు చూడని వేలమంది ఒకే ప్రోగ్రాంను చెడగొట్టకుండా ఎలా రాస్తారు? దీనికి జవాబు ప్యాచ్‌తో మొదలవుతుంది. ఏ ఫైలులో ఏ వరస తీసేశాం, దాని చోట ఏ వరస పెట్టాం అని చూపించే చిన్న పత్రం ప్యాచ్. దాని పైన కారణం రాయాలి. ఒక ప్యాచ్‌లో ఒక్క మార్పే ఉండాలి. 2004 నుంచి లినక్స్ కెర్నల్‌కు పంపే ప్రతి ప్యాచ్ కింద, దీన్ని ఇచ్చే హక్కు నాకుంది అని సొంత పేరుతో చేవ్రాలు పెడుతున్నారు. నెట్‌వర్క్, ఫైల్ సిస్టమ్, మెమరీ అంటూ ఒక్కో భాగానికి ఒక్కో మెయింటెయినర్ ఉంటారు. వాళ్లు అందరి ముందూ ప్రశ్నలు అడుగుతారు, తిప్పి పంపుతారు, బాగుంటే పైకి పంపుతారు. చివరికి అది టోర్వాల్డ్స్ దగ్గరికి చేరుతుంది. ప్రతి విడుదలకూ కొత్త మార్పులు తీసుకునేది మొదటి రెండు వారాలే. ఆ తర్వాతి ఏడెనిమిది వారాలూ తప్పులు దిద్దడమే పని. అలా తొమ్మిది పది వారాలకో కెర్నల్ బయటికి వస్తుంది. ఏ వరసను ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో ఎప్పటికీ వెతికి తీయగలిగేలా దాచే గిట్ అనే పనిముట్టును 2005లో టోర్వాల్డ్సే రాశారు.

కెర్నల్ ఒక్కటే ఉంటే కంప్యూటర్ వాడలేం. దానికి తెర, అచ్చు, బ్రౌజర్, ఆఫీసు పనుల ప్రోగ్రాములు జతచేసి అన్నీ ఒకదానితో ఒకటి పొసిగేలా చూడాలి. ఆ పని చేసేవి డిస్ట్రిబ్యూషన్లు. వాటిలో డెబియన్‌ది పెద్ద పేరు. 1993 ఆగస్టు 16న ఇరవై ఏళ్ల ఇయన్ మర్డాక్ దాన్ని మొదలుపెట్టాడు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో దాదాపు 70 వేల ప్యాకేజీలు ఉన్నాయి. ప్రతి ప్యాకేజీ బాధ్యతా ఒకరి పేరిటో ఒక బృందం పేరిటో ఉంటుంది. కొత్త ప్యాకేజీ ముందుగా అన్‌స్టేబుల్‌లోకి వస్తుంది. అక్కడ కొన్నాళ్లు గట్టిగా నిలబడితే టెస్టింగ్‌కు పోతుంది. కొంత కాలానికి టెస్టింగ్‌లోకి కొత్తవి రాకుండా ఆపేసి, తప్పులు దిద్ది, స్టేబుల్‌గా విడుదల చేస్తారు. నాయకుణ్ణి ఏటా ఓటుతో ఎన్నుకుంటారు. వాడుకరులకూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కూ తాము ఏం బాకీ ఉన్నామో 1997లోనే సామాజిక ఒప్పందంగా రాసుకున్నారు. మన దేశంలో సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌కు ఈ డెబియనే పునాది.

తెలుగు అక్షరం వెనక పని

ఈ సంప్రదాయం తెలుగుకు ఏం చేసిందో చూడటానికి కొల్లేటికోట అన్న పేరు చాలు. మన కంటికి అవి అయిదు అక్షరాలు. కంప్యూటర్ దాచుకునేది పదకొండు సంకేతాలు: క, ఒత్వం, ల, పొల్లు, ల, ఏత్వం, ట, గుడి, క, ఓత్వం, ట. ఒక్కో సంకేతానికి మామూలుగా 3 బైట్లు, మొత్తం 33. ఈ సంకేతాల పట్టిక 1991లో వచ్చిన యూనికోడ్‌లోది. మన దేశంలో అంతకుముందే తయారైన ఇస్కీ ప్రమాణం దానికి ఆధారం.

సంకేతాలు దాచడం తేలిక, చూపడం కష్టం. ల్లే అన్న అక్షరంలో ఏత్వం చివర దాగి ఉంటుంది, తెరమీద మాత్రం మొదటి ల తలమీద కూర్చోవాలి. రెండో ల వత్తుగా మారి కిందికి దిగాలి. కైకలూరులోని ఐత్వం ఒకే సంకేతం, గీసేటప్పుడు సగం పైకి, సగం కిందికి విడిపోతుంది. ఏ సంకేతం ఎక్కడికి జరగాలో లెక్కకట్టేది హార్ఫ్‌బజ్. ఇరాన్‌లో పుట్టిన బెహదాద్ ఎస్ఫహ్బోద్ దాన్ని ఏళ్ల తరబడి ముందుండి నడిపించారు. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రేఆఫీస్ అన్నీ దాన్నే వాడతాయి. పర్షియన్ కోసం, అరబిక్ కోసం, హిందీ కోసం చేసిన పనే తెలుగుకూ అక్కరకొచ్చింది.

ఇక అక్షర రూపాలు. దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు జీపీఎల్ కింద వచ్చాయి కాబట్టే నేటికీ డెబియన్‌లో ప్యాకేజీగా దొరుకుతున్నాయి. రెడ్‌హ్యాట్ లోహిత్ తెలుగును ఇచ్చింది. మండలి, సురవరం, గిడుగు, ధూర్జటి, పెద్దన వంటి ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో ఎవరైనా వాడుకునేలా వెలువడ్డాయి. టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వరసా ఉంది, ఆపిల్ వరసా ఉంది, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగువాళ్లు రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతీ ఉంది.

ఆ పైన మాటలు. ప్రోగ్రాంలో కనిపించే ప్రతి ఇంగ్లిషు వాక్యాన్నీ ఒక ఫైలులో వరసగా పెడతారు, ప్రతి దాని కింద తెలుగు వాక్యానికి చోటు వదులుతారు. అనువాదకుడికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు, జాగ్రత్త ఉంటే చాలు. వాక్యం మధ్యలో శాతం గుర్తుతో మొదలయ్యే సంకేతం కనిపిస్తే, అక్కడ ఏదో ఒక పేరో అంకో వచ్చి కూర్చుంటుందని గుర్తుంచుకోవాలి. తెలుగులో మాటల వరస వేరు కాబట్టి దాన్ని సరైన చోటికి జరపాలి, విభక్తి అతికేలా చూడాలి. ఒకటికి ఒక రూపం, అంతకు మించితే ఇంకో రూపం రాయాలి. అసలు వాక్యం మారిన రోజున ఆ అనువాదం పక్కన సందేహపు గుర్తు పడుతుంది, ఎవరో వచ్చి మళ్లీ చూడాలి. 2007 తర్వాతి కొన్నేళ్లలో డెబియన్ ఇన్‌స్టాలర్‌కు ఇలా తెలుగు సమకూర్చినవాళ్లు వీవెన్, గిరిధర్ అప్పాజీ నాగ్, కృష్ణబాబు, అర్జునరావు. ఆ ఫైలు తలకట్టులో వాళ్ల పేర్లు ఉన్నాయి.

సంస్థగా ఈ పని భుజానికెత్తుకున్నది స్వేచ్ఛ. 2005లో మొదలై, హైదరాబాదు కేంద్రంగా, మొదటి నుంచి చివరి దాకా తెలుగులో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసింది. బడిపిల్లల కోసం బాల స్వేచ్ఛను తెచ్చింది, ఇంజనీరింగ్ విద్యార్థులను ఈ పనిలోకి దింపింది. ఆ ఉద్యమంలో పనిచేసిన సునీల్ మోహన్ అడపా ఇప్పుడు ఫ్రీడంబాక్స్‌ను ముందుండి నడిపిస్తున్నవారిలో ఒకరు. మన ఫైళ్లు, మన కబుర్లు మన ఇంట్లోని చిన్న కంప్యూటర్‌లోనే భద్రంగా ఉంచుకునేందుకు ఉద్దేశించిన ఆ సాఫ్ట్‌వేర్ డెబియన్‌లో భాగం.

బలం, బలహీనత

2018 ఫిబ్రవరిలో జ్ఞా అనే అక్షరం ఒక ప్రత్యేక సంకేతాల వరసలో వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ అదే నెలలో సరిచేసింది. కానీ అప్పటిదాకా, ఆ అక్షరాన్ని పుట్టినప్పటి నుంచీ రాస్తున్న తెలుగు ఇంజనీరుకైనా లోపలి కోడ్ చూసే దారి లేదు. హార్ఫ్‌బజ్‌లో తెలుగు తప్పుగా కనిపిస్తే ఏలూరులో కూర్చుని ఆ వరస వెతికి పట్టుకోవచ్చు, ప్యాచ్ పంపవచ్చు. ఈ సంప్రదాయం మనకిచ్చే అసలు విలువ ఇదే.

తెరిచి ఉన్న కోడ్‌లో తప్పులుండవని కాదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్యాకేజీలో దొంగదారి బయటపడింది. ఒంటరిగా అలసిపోయిన మెయింటెయినర్‌కు సాయం చేస్తానంటూ వచ్చిన అజ్ఞాత వ్యక్తి, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి దాన్ని అమర్చాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన డెబియన్ అన్‌స్టేబుల్‌లో లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందని గమనించి, లోతుకు వెళ్లి దాన్ని పట్టుకున్నాడు. డెబియన్ స్టేబుల్‌కు అది చేరనే లేదు. కోడ్ తెరిచి ఉండటం, అంచెలంచెల విడుదల రెండూ కాపాడాయి. ప్రపంచమంతా ఆధారపడే పనిని ఒక్క మనిషి మీద వదిలేయడం ఎంత ప్రమాదమో కూడా అప్పుడే తెలిసింది.

తెలుగుకూ ఇదే జబ్బు ఉంది. వందల ప్రోగ్రాముల అనువాద భారం కొద్దిమంది మీదే పడింది. ఉద్యోగమో సంసారమో వాళ్లను పక్కకు లాగితే, కొత్త వెర్షన్‌లో తెలుగు మధ్య ఇంగ్లిషు వాక్యాలు మొలుస్తాయి. కేరళలో 2002 నుంచి స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ బృందం పనిచేస్తోంది, అక్కడి ప్రభుత్వ బడుల్లో గ్నూ/లినక్సే నడుస్తోంది. బడి వాడకం ఉన్నచోట భాషకు కొత్త చేతులు దొరుకుతాయి.

మన ప్రాంతంలో చేయదగ్గ పని

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు భద్రతా సవరణలు ఆగిపోయాయి. విండోస్ 11కు ఉండాల్సిన భద్రతా చిప్పు చాలా పాత కంప్యూటర్లలో లేదు. బడుల్లో, పంచాయతీ ఆఫీసుల్లో, సహకార సంఘాల్లో ఉన్న అలాంటి పెట్టెలను పారేయనక్కర్లేదు. ఎక్స్ఎఫ్‌సీఈ వంటి తేలికపాటి డెస్క్‌టాప్‌తో డెబియన్ వేస్తే వాటిలో చాలావరకు ఇంకొన్నేళ్లు పనిచేస్తాయి. లైసెన్సు రుసుము లేదు. ఒక పెన్‌డ్రైవుతో ఊరంతటికీ ఎక్కించడం నేరం కాదు, హక్కు. 2015లో కేంద్ర ప్రభుత్వమే తన కార్యాలయాలు ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని విధానం ప్రకటించింది.

అదే 2015లో తాడేపల్లిగూడెంలో నిట్ మొదలైంది. ఏలూరులో ఇంజనీరింగ్ కాలేజీలు అంతకుముందే ఉన్నాయి. ప్రతి కాలేజీ ఒక్క ప్రోగ్రాం తెలుగును దత్తత తీసుకుంటే చాలు. సీనియర్లు వెళ్లిపోయేలోగా జూనియర్లకు ఫైలు అప్పగించాలి, పేర్లు తలకట్టులో చేరాలి, ప్రతి కొత్త విడుదలకూ సందేహపు గుర్తులు తీసేయాలి. మాటల దగ్గర చిక్కొస్తే బడి పంతుళ్లను, రైతులను, చేపల చెరువుల దగ్గర లెక్కలు రాసేవాళ్లను అడగాలి. జనం నోట నలిగిన మాట తెరమీద కనిపిస్తేనే ఆ తెలుగును జనం వాడతారు.

టోర్వాల్డ్స్ మొదలుపెట్టినప్పుడు అతనికి 21, మర్డాక్‌కు 20. వాళ్లకూ ముందువాళ్ల పనే పునాది. మన పిల్లలకు సంకేతాల పట్టిక ఉంది, ఫాంట్లు ఉన్నాయి, పేర్చే యంత్రం ఉంది, ముందు తరం చేసిన అనువాదాలు ఉన్నాయి, వాటిని ఎవరూ లాక్కోకుండా రాసిపెట్టిన లైసెన్సు ఉంది. ఆ లైసెన్సు ఉమ్మడి సొత్తును దొంగల నుంచి కాపాడగలదు, పాడుబడకుండా కాపాడలేదు. అది వాడుకునేవాళ్లు చేయాల్సిన పని. రోజూ తెలుగులో టైపు చేస్తున్న మనమే ఆ వాడుకునేవాళ్లం.