పెద్దప్రేగు తిత్తులు: పీచు ఒక్కటే కారణమా?

1971వ సంవత్సరములో నీల్ పెయింటర్, డెనిస్ బర్కిట్ అను ఇద్దరు శస్త్రవైద్యులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసము ప్రకటించినారు. పెద్దప్రేగులో ఏర్పడు తిత్తుల వ్యాధి పాశ్చాత్య నాగరికత తెచ్చిపెట్టిన లోపవ్యాధి అని వారి వాదము. లోపించినది ఆహారములోని పీచుపదార్థము. అర్ధశతాబ్దికి పైగా పాఠ్యగ్రంథములలో చోటు సంపాదించిన ఈ సిద్ధాంతము ఎంతవరకు నిలుచునో చూతము.

పెద్దప్రేగు గోడలోనికి రక్తనాళములు చొచ్చుకొనిపోవు చోట్ల కండరపు పొర బలహీనముగా ఉండును. ఆ సందులగుండా లోపలి పొర చిన్న తిత్తులవలె వెలుపలికి పొడుచుకొని వచ్చును. వీటినే డైవర్టిక్యులా అందురు. ఇవి ఉన్నవారిలో ఎక్కువమందికి ఏ బాధయు ఉండదు. కొందరికి మాత్రమే అవి వాచును, లేదా వాటినుండి రక్తము స్రవించును. కనుక తిత్తులుండుట వేరు, జబ్బుపడుట వేరు.

పెయింటర్, బర్కిట్‌ల తర్కము సులభగ్రాహ్యము. పీచు తగ్గినచో మలము కొద్దిపాటిదై గట్టిపడును. దానిని నెట్టుటకు ప్రేగు బిగియవలెను. గోడ బిగువు ఒకే తీరుగా ఉన్నపుడు, గొట్టము సన్నగిల్లినకొద్దీ లోపలి పీడనము హెచ్చునని లాప్లాస్ నియమము చెప్పుచున్నది. పాశ్చాత్యులలో తిత్తులు ఎక్కువగా కనబడునది సన్నని సిగ్మాయిడ్ భాగములోనే. ఉగాండాలో పనిచేసిన బర్కిట్‌కు గ్రామీణ ఆఫ్రికాలో ఈ వ్యాధి అరుదని తెలియును. బ్రిటన్‌లో 1880 ప్రాంతములో రోలరు మరలు వచ్చి, తవుడు తీసిన తెల్లపిండి వ్యాపించిన తరువాత వ్యాధి పెరిగినదని కూడ వారు చూపినారు.

ఇందలి లోపమేమి? రెండు దేశముల మధ్య పీచు ఒక్కటే భేదము కాదు. ఆయుర్దాయము, శరీరశ్రమ, పొగత్రాగుడు, ఎక్స్‌రే సౌకర్యము అన్నియు వేరే. ఒక్కొక్క మనిషి తిన్నదానిని, అతని ప్రేగును జతపరచి చూచినపుడే కారణము తెలియును.

అట్లు చూచినవారికి చిత్రమైన ఫలితములు వచ్చినవి. 2011లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 47,033 మందిని పరిశీలించి, శాకాహారులలో ఈ వ్యాధి 31 శాతము తక్కువని తేల్చినారు. 2012లో అమెరికాలోని నార్త్ కెరొలైనాలో 2,104 మందికి ప్రేగుదర్శిని పరీక్ష చేయగా, పీచు ఎక్కువ తిన్నవారిలోనే తిత్తులు ఎక్కువగా కనబడినవి! ఇది పరస్పర విరోధమా? కాదు. మొదటివారు లెక్కించినది ఆసుపత్రి చేరికలు, మరణములు. రెండవవారు లెక్కించినది తిత్తులు. అదియుగాక, రెండవవారు ఆహారవివరములు సేకరించినది పరీక్ష తరువాత. కనుక ఏది ముందో, ఏది వెనుకో దానివలన తేలదు. పీచు తిత్తులను ఆపునని రుజువు కాలేదు. జబ్బును తగ్గించునని మాత్రము ఆధారమున్నది.

ఇక అనువంశికత. కవలలపై 2012లో స్వీడన్‌లో జరిగిన పరిశీలన దీని పాలు 40 శాతమనియు, 2013లో డెన్మార్క్ పరిశీలన 53 శాతమనియు అంచనా వేసినవి. 2018 నాటికి ఈ వ్యాధితో సంబంధమున్న జన్యుస్థానములు 42 గుర్తింపబడినవి. వాటిలో కొన్ని సంధాయక కణజాలమునకు, ప్రేగు కదలికలకు చెందినవి. జపానువారిలో తిత్తులు ఎక్కువగా కుడివైపున వచ్చును. హవాయిలో స్థిరపడిన జపాను సంతతివారిలో వాటి సంఖ్య పెరిగినను, స్థానము మాత్రము కుడివైపే! సంఖ్యను పరిసరములు మార్చినవి, స్థానమును మార్చలేకపోయినవి.

అయితే 40 శాతమనగా నూరుగురు రోగులలో నలుబదిమందికి జన్యువులవలన, తక్కినవారికి తిండివలన వచ్చినదని విద్యార్థులు భ్రమపడరాదు. ఒకే మడిలో పలు వరివంగడములు కలిపి చల్లినచో, ఎత్తులలోని తేడాలు చాలవరకు విత్తనమువలననే కలుగును. అంతమాత్రమున నీటితో పనిలేదందుమా? మడి ఎండినచో అన్నియు గిడసబారును. ఆ శాతము ఒక జనసమూహములోని తేడాల లెక్కయే గాని, ఒక మనిషి రోగమునకు వాటాల పంపకము కాదు.

ఏకకారణ సిద్ధాంతము పాఠముతో ఆగదు. పీచు బాగుగా తిన్నవానికి జబ్బు వచ్చినపుడు నేరము అతనిపై మోపబడును. గింజలు తిత్తులలో ఇరుక్కొనునని రోగులకు చాలకాలము వాటిని మాన్పించినారు. కాని 47,228 మంది పురుషులను 18 సంవత్సరములు గమనించి 2008లో ప్రకటించిన పరిశోధనలో బాదము, అక్రోటువంటి పప్పుగింజలును, పేలాలును ఎక్కువగా తిన్నవారికే వాపు తక్కువగా వచ్చినది.

బర్కిట్‌ను తప్పుపట్టుట మన ఉద్దేశము కాదు. తిండికి, రోగమునకు గల సంబంధమువైపు లోకము దృష్టి మరల్చిన ఘనత ఆయనదే. కాని తరగతిలో “పీచు లేనందున తిత్తులు వచ్చును” అని చెప్పుటకు బదులు, “పుట్టుకతో వచ్చిన గోడబలము, వయస్సు, స్థూలకాయము, పొగ, శ్రమలేమి, తిండి కలిసి నిర్ణయించును” అని చెప్పుట న్యాయము. వాక్యము పొడవైనది నిజమే; సత్యము కూడ అంత పొడవున్నది.