దాంపత్యంలో అవధానలోపం: ఒక గ్రంథ విమర్శ

అవధానమన్న మాట తెలుగువారికి కొత్త కాదు. ఎనిమిదిమంది పృచ్ఛకుల మధ్య కూర్చుండి, ఒకరి సమస్యను పూరిస్తూ, మరొకరి అప్రస్తుత ప్రసంగానికి జవాబు చెబుతూ, నడుమ మ్రోగిన గంటలను లెక్కపెట్టుకొనే అవధానిని మనలో చాలామంది చూచియున్నాము. అతని గొప్పతనం అవధానం ఎంత ఉన్నదన్న దానిలో లేదు. దానిని ఎక్కడ నిలపవలెనో, ఎప్పుడు మరల్చవలెనో, మరల్చిన పిమ్మట విడిచిన చోటికి ఎట్లు తిరిగి రావలెనో అతని వశంలో ఉన్నది. ఆ వశం తప్పిన స్థితినే వైద్యులు ఏ.డి.హెచ్.డి. అంటున్నారు. అవధానలోప–అతిచాంచల్య రుగ్మత అని మనం చెప్పుకొనవచ్చును. పేరులో లోపమన్న మాట ఉన్నది గాని, అది కొంత పెడదారి పట్టించే పేరు. మనసుకు నచ్చిన పనిలో గంటల తరబడి మునిగిపోయే మనిషే, కట్టవలసిన కరెంటు బిల్లును మూడు నెలలు మరచిపోతాడు.

ఇది పిల్లల జబ్బనీ, వయసుతోపాటు పోతుందనీ చాలాకాలం అనుకున్నారు. 1902లో లండనులో జార్జి స్టిల్ అనే వైద్యుడు చేసిన ప్రసిద్ధోపన్యాసాలు పిల్లలను గురించినవే. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ మందు ఇచ్చి చూచినదీ పిల్లలకే. కాని పెద్దవారిలో సుమారు నూటికి ఇద్దరు ముగ్గురికి ఇది ఉన్నదని నేటి అంచనా. ఆ పెద్దవారు పెండ్లిళ్లు చేసుకుంటారు గదా. అక్కడ మొదలయ్యే కథను చెప్పిన పుస్తకం, అమెరికన్ రచయిత్రి మెలిస్సా ఓర్లోవ్ 2010లో ప్రకటించిన ‘ది ఏ.డి.హెచ్.డి. ఎఫెక్ట్ ఆన్ మ్యారేజ్’. ఆమె వైద్యురాలు కాదు. ఆమె భర్తకు ఈ రుగ్మత ఉన్నది. తాను పడిన పాట్లనుండి మొదలుపెట్టి, తరువాత ఇతర దంపతులకు సలహాలిచ్చే వృత్తిలోకి వచ్చినారు.

ఈ గ్రంథంలో అన్నిటికన్న విలువైనది ఒక చిన్న సూత్రం. లక్షణం, దానికి ప్రతిస్పందన, ఆ ప్రతిస్పందనకు మరల ప్రతిస్పందన. భర్త బిల్లు మరచినాడు, ఇది లక్షణం. నా మాటంటే లెక్కలేదని భార్య కోపించినది, ఇది ప్రతిస్పందన. భర్త ముఖం చాటువేసినాడు, మరునాటినుండి మరచిన సంగతులను దాచిపెట్టనారంభించినాడు. ఇది రెండవ ప్రతిస్పందన. దాపరికం బయటపడగానే భార్య కోపం రెట్టింపవుతుంది. సభలో మైకును లౌడుస్పీకరుకు ఎదురుగా పెట్టినప్పుడు ఏమి జరుగుతుందో ఉపాధ్యాయులకు తెలుసును. చిన్న సవ్వడి స్పీకరులోనుండి వచ్చి మైకులో పడి, పెరిగి, మరల స్పీకరులోనికి పోయి చివరకు చెవులు చిల్లులు పడే కూత అవుతుంది. ఆ కూతకు మొదటి సవ్వడి చేసినవాడొక్కడే కారణమనడం న్యాయం కాదు. మైకును కొంచెం ప్రక్కకు త్రిప్పవలెను. ఓర్లోవ్ చెప్పేదీ ఇదే. రుగ్మత ఒకరిదైనా మారవలసినవారు ఇద్దరు.

కొన్నాళ్లకు భార్య తల్లి అవుతుంది, భర్త పిల్లవాడవుతాడు అని ఆమె వర్ణించిన ఘట్టం చాలా ఇండ్లలో ఆనవాలు పట్టగలిగినది. దానికి నేనొక మాట చేరుస్తాను. ఆ భర్త వింటున్నది భార్య ఒక్కతె మందలింపు కాదు. తెలివి ఉన్నది గాని శ్రద్ధ లేదు అని ప్రోగ్రెసు కార్డులో ఏటేటా మనం వ్రాసిన మాటలన్నీ దాని వెనుక వినబడుతుంటాయి.

ఇక చిక్కులు. రచయిత్రి ప్రమాణాలు చాలవరకు తనవద్దకు వచ్చిన దంపతుల అనుభవాలు. ఆసుపత్రి ముందు వరుసను చూచి ఊరి ఆరోగ్యాన్ని నిర్ణయించినట్లు, సంసారం చెడిన తరువాత వచ్చినవారిని మాత్రమే చూచి రుగ్మత సంసారాన్ని ఏమి చేస్తుందో చెప్పరాదు. మరొక ప్రమాదమున్నది. మతిమరుపు, పని వాయిదా వేయుట, మాట మధ్యలో తలత్రిప్పుకొనుట ఏ ఇంట లేవు? పుస్తకం చదివిన భార్య భర్తకు తానే రోగనిర్ణయం చేయవచ్చును. 2013 నాటి అమెరికన్ వైద్యుల లక్షణ గ్రంథం పెద్దవారిలో కనీసం అయిదు లక్షణాలుండవలెననీ, వాటిలో కొన్ని పన్నెండేండ్లలోపే కనబడియుండవలెననీ, ఇంటను పనిలోను వంటి రెండు తావులలోనైనా అవి బాధించవలెననీ నియమించినది. ఇంట్లో మాత్రమే మరచి, ఆఫీసులో గడియారంవలె నడిచే భర్తకున్నది ఈ రుగ్మత కాదు, మరేదో.

చికిత్సను ఆమె మూడుకాళ్ల పీటతో పోల్చినారు. శరీరానికి మందు, వ్యాయామం, నిద్ర, అలవాట్లలో మార్పు, దంపతుల పరస్పర వ్యవహారం. పోలిక బాగున్నది గాని మూడు కాళ్ల పటుత్వం ఒకటి కాదని ఆమె గట్టిగా చెప్పవలసినది. మందుల మాట పరీక్షలలో బాగా తేలినదే. రెండవ కాలికీ మంచి సాక్ష్యమున్నది. సాఫ్రెన్, అతని సహచరులు 2010లో ప్రకటించిన పరీక్షలో, మందు వాడుతున్నా లక్షణాలు మిగిలిన 86 మందిని చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విభజించినారు. ఒక జట్టుకు క్యాలెండరు, పనుల పట్టీ వాడుట, పెద్ద పనిని ముక్కలు చేయుట, నేను చేతకానివాడననే తలపును నిలదీయుట నేర్పినారు. రెండవ జట్టుకు శరీరాన్ని సడలించే పద్ధతి నేర్పి, రుగ్మతను గురించి బోధించినారు. లక్షణాల కొలమానంలో మొదటి జట్టున నూటికి 67 మంది, రెండవ జట్టున 33 మంది మెరుగైనారు. కాని అక్కడ కొలిచినది ఒక్కొక్క మనిషి లక్షణాలను, సంసారాన్ని కాదు. మూడవ కాలికి, అనగా దంపతులిద్దరినీ కూర్చుండబెట్టి చేసే చికిత్సకు, ఇంతటి సాక్ష్యం ఇంకా సమకూడలేదు. పుస్తకానికి అసలు ప్రాణమైన భాగమే సాక్ష్యం పలుచగా ఉన్న చోటున నిలిచినది.

అంతమాత్రాన ఆ సలహాలు పనికిరానివని నేననను. ఆమె చెప్పిన ఆరు మెట్లలో మొదటిది ఎదుటివారి స్థితిలో తానుండి చూచుట. అయిదవది హద్దులు గీచుకొనుట. ఈ రెండింటి మధ్య తూకం తప్పినచోటనే పాఠకుడు జాగ్రత్త పడవలెను. రుగ్మత కారణమే గాని మినహాయింపు కాదు. మరచినది రుగ్మతవలన కావచ్చును. మరువకుండా గోడమీద పట్టీ తగిలించుకొనే బాధ్యత మరచినవానిదే. ఆ పట్టీ భార్య వ్రాసి, భార్య తగిలించి, భార్యయే గుర్తుచేసినచో మరల తల్లీ బిడ్డల కథయే.

రుగ్మత భార్యకున్న సంసారాలమీద ప్రత్యేకంగా ఒక గ్రంథం రావలసియున్నది. ఆడపిల్లలలో పైకి కనబడే గంతులు తక్కువ. తరగతిలో వెనుక బల్లమీద కూర్చుండి కిటికీలోనుండి బయటకు చూచే పిల్లను ఎవరూ వైద్యునివద్దకు పంపరు. ఆమె పెద్దదై ఇల్లు దిద్దుకొనలేకపోయినప్పుడు లోకం వాడే మాటలు, మగవానికి వాడే మాటలకన్న కటువుగా ఉంటాయి.