ఓటిస్ మర్యాద, అరీతా గౌరవం

‘రెస్పెక్ట్’ అన్న ఇంగ్లీషు మాటకు తెలుగులో ఒక్క మాట చాలదు. ఇంటికొచ్చిన మనిషికి కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చి, కూర్చోమని, అన్నం తిన్నావా అని అడిగితే అది మర్యాద. ఆ మనిషి ఎదుట లేనప్పుడు కూడా అతని మాట చెల్లితే అది గౌరవం. 1965లో ఓటిస్ రెడ్డింగ్ రాసి పాడిన ‘రెస్పెక్ట్’ మర్యాద గురించిన పాట. 1967లో అరీతా ఫ్రాంక్లిన్ పాడిన అదే ‘రెస్పెక్ట్’ గౌరవం గురించిన పాట. రెండు రికార్డుల్లో ఏదీ రెండున్నర నిమిషాలు దాటదు. ఒకదాని తర్వాత ఒకటి వింటే మాత్రం, ఒకే పాట ఇంత దూరం ఎలా ప్రయాణించిందా అనిపిస్తుంది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టేవాళ్లు సాధారణంగా ఒక తేలిక కథ చెబుతారు. మొగుడి పెత్తనపు పాటను ఒక ఆడమనిషి లాక్కుని హక్కుల పాటగా మార్చిందని. అరీతా విషయంలో ఆ కథ నిజమే. ఓటిస్ విషయంలో అది అన్యాయం.

ఓటిస్ పాటలోని మగవాడిలో పెత్తనం ఎక్కడుంది? బయట పని చేసి అలిసిపోయి వచ్చాడు. సంపాదనంతా నీ చేతిలోనే పెడుతున్నానంటాడు. నేను ఊళ్లో లేనప్పుడు నువ్వు తప్పు చేసినా సరేనని కూడా అనేస్తాడు. అన్నీ వదులుకున్నాక అతను పట్టుకుని వేలాడేది ఒక్కదాన్నే, గడపలో కాలు పెట్టిన వేళ కాస్త మర్యాద. ఇంత కిందికి దిగి బేరమాడే మనిషిని నేను అహంకారి అనలేను. అలా దిగిపోవడంలోనే నాకు ఆ పాట ప్రాణం కనిపిస్తుంది.

అడగడం ఓటిస్ గొంతుకు జీవితం నేర్పిన పని. 1941 సెప్టెంబర్ 9న జార్జియా రాష్ట్రంలోని డాసన్‌లో పుట్టి, మేకన్ ఊళ్లో పెరిగాడు. తండ్రికి క్షయ సోకడంతో చదువు మానేసి బావులు తవ్వాడు, పెట్రోలు బంకులో పనిచేశాడు. మేకన్‌లోని డగ్లస్ థియేటర్‌లో పాటల పోటీకి బహుమతి ఐదు డాలర్లు. వరుసగా 15 వారాలు అతనే గెలిచాడు. 1962 అక్టోబర్‌లో గిటారిస్టు జానీ జెన్‌కిన్స్‌ను కారులో ఎక్కించుకుని మెంఫిస్‌లోని స్టాక్స్ స్టూడియోకు వెళ్లాడు. ఆ రోజు రికార్డింగు జెన్‌కిన్స్‌ది. చివర్లో కాస్త సమయం మిగిలితే, కారు నడుపుకుంటూ వచ్చిన ఈ కుర్రాడికి అవకాశం దొరికింది. అలా పాడినదే ‘దీజ్ ఆర్మ్స్ ఆఫ్ మైన్’. మరొకరి పనిలో మిగిలిన నిమిషాల్లో మొదలైన వృత్తి అది.

స్టాక్స్ ఒక పాత సినిమా హాలు. సీట్లు తీసేశారు గానీ నేల వాలు అలాగే ఉండిపోయింది. అక్కడి బృందంలో బుకర్ టి. జోన్స్, డ్రమ్ములు వాయించే అల్ జాక్సన్ నల్లవాళ్లు. గిటారిస్టు స్టీవ్ క్రాపర్, బేస్ వాయించే డక్ డన్ తెల్లవాళ్లు. వర్ణభేదం ఊరంతా రాజ్యమేలుతున్న కాలంలో ఆ వాలు నేల మీద నలుగురూ కలిసి వాయించారు. ‘రెస్పెక్ట్’ ఉన్న ‘ఓటిస్ బ్లూ’ ఆల్బమ్‌ను 1965 జూలైలో దాదాపు ఒక్క రోజులో ముగించారు. మధ్యలో వాయిద్యగాళ్లు రాత్రి క్లబ్బుల్లో వాయించడానికి వెళ్లి, తిరిగొచ్చి మళ్లీ అందుకున్నారు. ఆ తొందర పాటలో వినిపిస్తుంది. డ్రమ్ములు వెంట తరుముతున్నట్టుంటాయి. ఓటిస్ మాట పూర్తికాకముందే తర్వాతి మాట మీద పడతాడు. ఇంటికి చేరేలోపే తలుపు మూసేస్తారేమోనన్న భయం అతని పరుగులో ఉంది.

వెనక మగ గొంతులు ఒకటి రెండు వినిపించినా, అసలు బదులిచ్చేది ట్రంపెట్, శాక్సఫోన్లు. ఓటిస్‌కు సంగీత లిపి రాదు. ఏ వాయిద్యం ఏం పలకాలో తానే నోటితో కూనిరాగం తీసి చూపించేవాడట. అంటే ఆ పాటలో అడిగే గొంతూ అతనిదే, వచ్చే బదులూ అతను కల్పించుకున్నదే. ఇంట్లో ఉన్న ఆమె మాత్రం ఒక్కసారి కూడా నోరు విప్పదు.

రెండేళ్లకు ఆమె మాట్లాడింది.

అరీతా పుట్టింది 1942 మార్చి 25న, అదే మెంఫిస్‌లో, తర్వాత స్టాక్స్ వెలసిన దక్షిణ పేటలోనే. పెరిగింది మాత్రం డెట్రాయిట్‌లో. తండ్రి సి. ఎల్. ఫ్రాంక్లిన్ న్యూ బెతెల్ బాప్టిస్ట్ చర్చి పాస్టరు. ఆయన ప్రసంగాలు రికార్డులుగా అమ్ముడుపోయేవి. మహేలియా జాక్సన్, క్లారా వార్డ్ లాంటి గాస్పెల్ గాయనులు ఇంటికొచ్చే మనుషులు. అరీతాకు పదేళ్లు నిండక ముందే తల్లి పోయింది. పద్నాలుగేళ్ల వయసుకే చర్చిలో ఆమె పాటల రికార్డింగు జరిగింది. ఓటిస్ పోటీల్లో గెలుచుకుని తెచ్చుకున్న వేదిక అరీతాకు ఇంట్లోనే ఉంది.

అయినా ఆమె దారి సాఫీగా సాగలేదు. 1960లో కొలంబియా రికార్డు కంపెనీలో చేరాక ఆరేళ్లపాటు ఆమె చేత జాజ్, పాత సినీ నాటక గీతాలు, ఇంకా ఏవేవో పాడించారు. ఆ కాలంలో టాప్ 40లోకి వెళ్లిన పాట ఒక్కటే. అవి చెడ్డ రికార్డులని నేను అనను. గొంతు అప్పటికే పూర్తిగా పండింది. ఆ గొంతు నిలబడే చోటే తప్పు. 1966 చివర్లో అట్లాంటిక్ కంపెనీ నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ ఆమెను తీసుకుని పియానో ముందు కూర్చోబెట్టాడు. ఆ చిన్న మార్పే అంతా తిప్పేసింది. చర్చిలో పియానో ముందు కూర్చున్న మనిషి పాటకు తాళం చెవి పట్టుకున్న మనిషి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ మళ్లీ ఎత్తుకోవాలో ఆమె వేళ్లే చెబుతాయి. 1967 జనవరిలో అలబామాలోని ఫేమ్ స్టూడియోలో మొదటి పాట పూర్తయిన రోజే గొడవ జరిగి పని ఆగిపోయింది. తర్వాత అక్కడి వాయిద్యగాళ్లనే న్యూయార్క్‌కు రప్పించారు. ఫిబ్రవరి 14న అక్కడ ‘రెస్పెక్ట్’ రికార్డు చేశారు.

పాట మాటల్లో ఆమె చేసిన మార్పులు చూడటానికి చిన్నవి. ఓటిస్ పాటలో మగవాడు, నేను లేనప్పుడు నువ్వు తప్పు చేసినా సరే అన్నాడు. అరీతా పాటలో ఆడమనిషి, నువ్వు లేనప్పుడు నేను తప్పు చెయ్యను అంది. ఓటిస్ డబ్బు తెచ్చి ఆమెకిస్తానన్నాడు. అరీతా కూడా తన డబ్బంతా అతనికివ్వబోతున్నానంటుంది. ఆమెకూ సంపాదన ఉంది మరి. విమర్శకులు ఆమె గొంతులోని శక్తి గురించి రాసినంతగా ఈ రెండు మలుపుల గురించి రాయరు. శక్తి గొంతులో ఉంటే పాట గట్టిగా వినిపిస్తుంది. న్యాయం మాటలో ఉంటేనే ఎదుటివాడు తలొంచుతాడు. ఓటిస్ నాయకుడు అన్నీ వదులుకుని మర్యాద కోరాడు. అరీతా నాయిక ఏదీ వదులుకోలేదు. ఆమె లెక్క సరిగ్గా ఉంది, రావలసిన బాకీ గురించి మాట్లాడుతోంది, అంతే.

ఇక ఆమె అక్క ఎర్మా, చెల్లెలు కారొలిన్. బుర్రకథ చూసినవాళ్లకు వాళ్ల పని ఇట్టే అర్థమవుతుంది. కథకుడు ఒక్కడే చెబితే అది కథ. అటూ ఇటూ వంతలు తందాన అని అందుకుంటేనే అది ఊరి మాట అవుతుంది. ఎర్మా, కారొలిన్ అక్కడ చేసింది అచ్చంగా వంతల పనే. ఒక పొట్టి మాటను గుక్క తిప్పుకోకుండా మళ్లీ మళ్లీ అంటూ అరీతాను ముందుకు తోస్తారు. ఓటిస్‌కు ట్రంపెట్లు బదులిచ్చిన చోట ఇక్కడ తోబుట్టువులు పలుకుతారు. ఒక ఆడమనిషి ఫిర్యాదుకు సాక్షులు దొరికినట్టయింది. ఓటిస్ పాటలో లేని మధ్య భాగం కూడా ఇక్కడ చేరింది. సామ్ అండ్ డేవ్ పాడిన మరో పాటలోని శ్రుతుల వరుస తీసుకుని, దాని మీద కింగ్ కర్టిస్ శాక్సఫోన్ వాయించాడు. ఆ తర్వాత వాయిద్యాలన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. ఆ ఖాళీలో అరీతా ‘రెస్పెక్ట్’ అన్న మాటను అక్షరం అక్షరంగా విడగొట్టి చెబుతుంది, బడిలో పంతులమ్మ మొండి పిల్లవాడి చేత పలకమీద దిద్దించినట్టు. ఓటిస్ ఆ మాటను వందసార్లు పలికినా ఒక్కసారి కూడా ఆగి విడమర్చలేదు. అతని పరుగులో అంత తీరిక లేదు.

ఇక్కడితో ఆపితే అరీతా గెలిచినట్టే. కానీ ఈ ఇద్దరూ విడివిడిగా పాడిన పాట మరొకటుంది. 1964 డిసెంబర్‌లో చనిపోయిన సామ్ కుక్ రాసి పాడిన ‘ఎ చేంజ్ ఈజ్ గాన కమ్’. ఓటిస్ దాన్ని ‘ఓటిస్ బ్లూ’లో పాడాడు, అరీతా ‘రెస్పెక్ట్’ ఉన్న ఆల్బమ్‌లోనే పాడింది. సామ్ కుక్ గాస్పెల్ బృందంలో ఉన్న రోజుల నుంచీ ఫ్రాంక్లిన్ల ఇంటికి తెలిసినవాడు. అరీతా నేరుగా పాటలోకి దిగదు. ఒక పాత స్నేహితుడు చెప్పిన మాటగా ముందు పరిచయం చేసి అప్పుడు ఎత్తుకుంటుంది. ఓటిస్ పాటను సొంతం చేసుకున్న మనిషి సామ్ పాట దగ్గర అడుగు వెనక్కి వేసింది. అది చర్చిలో సాక్ష్యం చెప్పే పద్ధతి, నాకు ఎంతో ఇష్టమైన వినయం. కానీ ఈ పాటలో నా మనసు ఓటిస్ వైపే వెళ్తుంది. అతనికి ముందుమాట లేదు. గొంతు చిరిగే చోట చిరగనిస్తాడు, మాట తడబడితే తడబడనిస్తాడు. మార్పు వస్తుందని అరీతా నమ్ముతోంది. ఓటిస్ ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

ఓటిస్ ‘రెస్పెక్ట్’ పాప్ జాబితాలో 35వ స్థానం దాకా వెళ్లింది. అరీతాది 1967 జూన్‌లో రెండు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అదే నెల 17న మాంటెరీ సంగీత ఉత్సవంలో ఓటిస్, ఈ పాటను ఒక అమ్మాయి తన దగ్గర నుంచి పట్టుకుపోయిందని జనంతో సరదాగా చెప్పి, మునుపటికన్నా వేగంగా పాడాడు. చట్టం మాత్రం దాన్ని అతని పేరు మీదే ఉంచింది. అమెరికాలో రేడియో వాళ్లు పాట వేస్తే రాసినవాళ్లకూ ప్రచురణకర్తలకూ డబ్బు ముడుతుంది, పాడినవాళ్లకు ముట్టదు. అరీతా గొంతు యాభై ఏళ్లు రేడియోల్లో మోగింది. ఆ ప్రసారాల మీద ఆమెకు పైసా రాలేదు. గౌరవం గురించిన పాట విషయంలో ఇలా జరగడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

1967 చివర్లో ఓటిస్ గొంతుకు శస్త్రచికిత్స జరిగింది. కోలుకున్నాక రికార్డు చేసిన ‘డాక్ ఆఫ్ ది బే’లో బతిమాలడం లేదు, పరుగు లేదు. ఒక మనిషి నీళ్ల ఒడ్డున ఊరికే కూర్చున్నాడు. చివర్లో మాటల బదులు ఈల వేశాడు. 1967 డిసెంబర్ 10న విస్కాన్సిన్ రాష్ట్రంలో అతని విమానం మొనోనా సరస్సులో కూలిపోయింది. 26 ఏళ్లు. ఆ ఈల పాట మొదటి స్థానానికి చేరేసరికి అతను లేడు.

అరీతా 2018 ఆగస్టు 16 దాకా ఉంది. 1972 జనవరిలో లాస్ ఏంజెలిస్ చర్చిలో రెండు రాత్రులు పాడిన గాస్పెల్ పాటలు ‘అమేజింగ్ గ్రేస్’ ఆల్బమ్‌గా వచ్చాయి. అప్పుడు తీసిన చిత్రం చాలా ఏళ్ల తర్వాత బయటికొచ్చింది. అందులో ఆమె పియానో వాయిస్తూ పాడుతుంటే తండ్రి లేచి వచ్చి, రుమాలుతో ఆమె ముఖం మీది చెమట తుడుస్తాడు. ఆమె పాట ఆపదు.

ఆ చిత్రం చూశాక నేను మళ్లీ ఓటిస్ ‘రెస్పెక్ట్’ దగ్గరికి వెళ్లాను. అతను అడుగుతాడు, ట్రంపెట్లు బదులిస్తాయి, అతను మళ్లీ అడుగుతాడు. ఇప్పుడు ఆ ట్రంపెట్ల కింద నాకు ఎర్మా, కారొలిన్‌ల గొంతులు వినిపిస్తాయి. తలుపుకి ఇవతల అతను, అవతల వాళ్లు.