యావకు కొలబద్ద: కాపరి చేతిలో ఒక ప్రశ్నావళి

తాగుబోతు మనస్సులోని బలవంతాన్ని కొలవడానికి 1995లో రేమండ్ యాంటన్, ఆయన సహచరులు అమెరికాలో ‘అబ్సెసివ్ కంపల్సివ్ డ్రింకింగ్ స్కేల్’ అనే ప్రశ్నావళిని ప్రచురించారు. మొత్తం 14 ప్రశ్నలు, ఒక్కొక్కదానికి 0 నుండి 4 వరకు మార్కులు. మొదటి ఆరు ప్రశ్నలు తలంపులను గూర్చినవి; మిగిలినవి తాగుడును, దానిని ఆపుకొనే శక్తిని గూర్చినవి. ఒక సంఘకాపరి దీనిని తెలుగు చేసి రాయికోడ్ పల్లెల్లో వాడబూనుకుంటే అది ఎంతవరకు పనికివస్తుంది?

ముందుగా దీని మేలును ఒప్పుకోవాలి. ‘ఎంత తాగాడు’ అనే ప్రశ్నను ‘తాగకుండా ఎందుకు ఉండలేకపోయాడు’ అనే ప్రశ్న నుండి ఇది వేరుచేయ ప్రయత్నిస్తుంది. మన ప్రసంగాలలో ఈ తేడా సాధారణంగా కనబడదు. అగస్టీను తన ‘ఒప్పుకోళ్లు’ ఎనిమిదవ గ్రంథంలో వక్రించిన చిత్తము ఇచ్ఛగాను, ఇచ్ఛ అలవాటుగాను, అలవాటు తప్పనిసరిగాను మారిన తీరును ఒక గొలుసుగా వర్ణించాడు. తొమ్మిదవ గ్రంథంలో తన తల్లి మోనికా చిన్నతనంలో చాటుగా ద్రాక్షారసం తాగడం మరగిందనీ, దాసి ఎత్తిపొడిచిన ఒక్క మాటతో మానివేసిందనీ చెప్పాడు. ఎత్తిపొడుపుతో మానగలిగినవారు ఉన్నారు, గొలుసులో చిక్కినవారూ ఉన్నారు. మన హెచ్చరికలు అందరినీ మోనికాలుగానే లెక్కిస్తాయి.

ఇక లోపాలు. ఈ కొలబద్ద చేతులు పదేపదే కడుక్కొనే రోగం వంటివాటికై 1989లో వెలువడిన యేల్-బ్రౌన్ కొలబద్ద నమూనాపై కట్టబడింది. ఆ రోగికి తన తలంపే పీడ. తాగేవానికి సాయంకాలపు తలంపు మొదట తీపిగానే ఉంటుంది. పైగా 7, 8 ప్రశ్నలు రోజుకు ఎంత, వారానికి ఎన్ని రోజులు అని అడుగుతాయి గనుక, కొందరు పరిశోధకులు యావను లెక్కించేటప్పుడు వాటిని వదిలివేస్తారు.

తలంపులను ఎదిరించడానికి ఎంత ప్రయాసపడుతున్నావు అనే ప్రశ్న మన పరిస్థితిలో మరీ చిక్కు. అడిగేది అయ్యగారైతే, ‘ఎదిరిస్తూనే ఉన్నాను, ప్రార్థిస్తున్నాను’ అనక ఏమంటాడు? ఎదిరించేవానికి మార్కు తగ్గుతుంది. అబద్ధమాడినవాడు స్వస్థుడుగా తేలుతాడు. రోమా 7:15 తెలిసిన విశ్వాసికి ఈ జవాబు ఇంకా తేలికగా నోటికి వస్తుంది.

అయితే అసలు చిక్కు సీసాలో ఉన్నది. ఈ కొలబద్ద సారాయి, బీరు, ద్రాక్షారసాల లోకంలో పుట్టింది. తెలంగాణలో కల్తీ జరిగిన చోట కల్లులో ఆల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. అక్రమంగా తయారైన ఆల్ప్రాజోలం సంగారెడ్డి జిల్లాలోనే పలుమార్లు పట్టుబడింది. ‘కల్లు మీదికి మనసు గుంజుతున్నది’ అనేవానిని గుంజేది ఈతచెట్టు రసం కాకపోవచ్చు, మత్తుమందు కావచ్చు. 2015లో అధికారులు కల్తీపై దాడులు పెంచి ఆ కల్లు దొరకనప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో అనేకులు వణుకు, ఫిట్స్, మతి తప్పిన ప్రవర్తనతో ఆసుపత్రుల పాలయ్యారు. 2020 మార్చి లాక్‌డౌన్‌లో హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇటువంటివారే బారులు తీరారు. వీరి శరీరం మందుకు అలవాటుపడింది. ఆ అలవాటును ఈ 14 ప్రశ్నలు కొలవవు. తక్కువ మార్కులు వచ్చిన వృద్ధురాలు కూడా, రోజూ ఒక్క సీసా తాగేదైనా, హఠాత్తుగా మానితే ఫిట్స్‌తో ప్రాణం పోగొట్టుకొనవచ్చు.

ఉజ్జీవకూటాల్లో వేదిక ముందు ‘ఈ రాత్రే మానేస్తాను’ అని ప్రమాణం చేయించే మన అలవాటును ఈ వెలుగులో చూడాలి. ప్రశ్నావళి కంటె ముందు ఇంట్లోవారిని అడగవలసినవి కొన్ని ఉన్నవి. ఏ దుకాణం కల్లు? ఎన్నేళ్లుగా? దొరకని రోజున నిద్ర పట్టిందా, చేతులు వణికాయా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా? ఏ ఒక్కటి అనుమానంగా తోచినా జహీరాబాద్ ప్రభుత్వ ఆసుపత్రికి తోడు వెళ్లడం కాపరి పని. మందు మోతాదును మెల్లమెల్లగా తగ్గించేది వైద్యుడు. మానే తేదీని ఆయనను అడిగిన తర్వాతనే సంఘంలో ప్రకటించవచ్చు.